ఆ వేణువు ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు ముప్పై ఆరు. మిర్చి వ్యాపారం చేసే ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. క్రితం వేసవిలో టీవీలో ‘సిరివెన్నెల’ వచ్చింది. చిన్నప్పుడు చూసిన సినిమాయే. ఈసారి మాత్రం కథ కంటే అందులోని వేణువు చెవిలో ఉండిపోయింది. వాయించింది హరిప్రసాద్ చౌరసియా అని తెలుసుకుని, ఫోనులో ఆయన కచేరీలు వెతికాను. యాభై నిమిషాల రాగం ఒకటి పెట్టుకుని, పది నిమిషాలకే నిద్రపోయాను. మూడు రాత్రులు ఇదే వరస. మా అక్కయ్య భర్త, బావగారు, చిన్నతనం నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. ఈ సంగతి చెబితే, ‘సినిమాలు చూసి సంగీతం తెలుసుకోవడమంటే ఉప్పు కల్లు చూసి సముద్రం చూశాననుకోవడమే’ అన్నారు. అప్పటి నుంచి మనసు చిన్నబోయింది. నాకు నచ్చింది సంగీతమా, సినిమాయా? పాటల్లో వాయించేవాళ్ళ పేర్లు ఎలా తెలుస్తాయి? తెలిశాక వాళ్ళను ఎలా వినాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీకు నచ్చింది సంగీతమే, సందేహం పెట్టుకోకండి. సినిమా ఒక్కటే నచ్చి ఉంటే దాన్నే మళ్ళీ చూసేవారు, లేదా అదే దర్శకుడి ఇంకో సినిమా వెతుక్కునేవారు. మీరు వాయించింది ఎవరని ఆరా తీశారు. ఆ పాటలు విన్నవాళ్ళు, పాడుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఊదిన మనిషి పేరు అడిగినవాళ్ళు వాళ్ళలో ఎందరుంటారు? పేరు అడిగిన పూటే మీరు శ్రోతల్లో చేరిపోయారు.

బావగారు అన్నది తప్పు మాట కాదు, సగం మాట. ఉప్పు కల్లు నాలుక మీద వేసుకున్న మనిషికి సముద్రమనేది ఒకటి ఉందని తెలిసిపోయింది. ఇక చినగంజాం దాకా బయలుదేరడమే మిగిలింది. మీరు బయలుదేరారు కూడా. దారిలో నిద్ర వచ్చింది, అంతే. ఆ నిద్ర సంగతి తరవాత చెబుతాను. ముందు నా సంగతి వినండి. మీకు చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా చిన్నతనంలో ఇంట్లో సంగీతమంటే రేడియోయే. ‘నీ లీల పాడెద దేవా’ పాట వచ్చిందంటే మా అమ్మ రోట్లో పచ్చడి నూరుతున్నా ఆపేసి, పచ్చడిబండ పక్కన పెట్టేది. ఆ చప్పుడు పాటకు అడ్డమని. పాట అయ్యేదాకా చేతికి అంటిన కారం అలాగే ఉండేది. అయ్యాక, ‘జానకిది మన రేపల్లె పక్క ఊరే’ అని ప్రతిసారీ, మొదటిసారి చెబుతున్నట్లు చెప్పేది. నిజమే, ఎస్. జానకి 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టారు. ఆ పాట 1962 నాటి ‘మురిపించే మువ్వలు’ లోది. ‘కొంజుం సలంగై’ అనే తమిళ సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ పేరు పెట్టారు. ఆమె గొంతుకు ఎదురుగా ఒక నాదస్వరం నిలబడి, ఆమె అన్న ప్రతి మాటకూ బదులు చెబుతుంది. చివర స్వరాలకు వచ్చేసరికి ఏది గొంతో ఏది సన్నాయో విడదీయలేనంతగా రెండూ పెనవేసుకుంటాయి. మా ఇంట్లో జానకి గురించి అంత మాట్లాడుకున్నాం కదా, ఆ సన్నాయి ఎవరిదని ఎవరూ ఒక్కసారైనా అడగలేదు. నేనూ అడగలేదు. సన్నాయి అంటే పెళ్ళిలో వినపడేది, గుళ్ళో వినపడేది. దాని వెనక ఒక మనిషి ఉంటాడని, అతనికి ఒక బాణీ ఉంటుందని తోచలేదు.

కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడి అక్క పెళ్ళికి చిలకలూరిపేట దగ్గరి పల్లెకు వెళ్ళాను. రాత్రి ముహూర్తం. భోజనాలు సగం పైగా అయ్యాయి. పందిరి చివర మేళంవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన సన్నాయికి కట్టి ఉన్న, నోట పెట్టి ఊదే పీకల గుత్తిలోంచి ఒక్కొక్క పీకనూ తీసి, లాంతరు వెలుగుకు పట్టి చూసి, బొటనవేలితో అంచు ఒత్తి సరిచేస్తున్నారు. ఊరికే పక్కన కూర్చుని, ‘నీ లీల పాడెద’ వాయిస్తారా అని అడిగాను. ఆయన నవ్వి, ఒక పీకను పెదవుల మధ్య తడిపి, సన్నాయికి బిగించి మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఆయన చేసిన పని నేను ఎన్నడూ మరచిపోలేదు. పాట మొత్తం ఆయన వాయించలేదు. పాటలో సన్నాయి వచ్చే చోట్లే వాయించారు. జానకి పాడే చోటు రాగానే పీక పెదవుల నుంచి తీసి, ఎడమచేత్తో తొడ మీద తాళం వేస్తూ, తల కొద్దిగా పక్కకు వంచి ఆగారు. ఎవరో పాడుతుంటే వింటున్నట్లే ఉంది. ఆ చరణం ముగిసే క్షణానికి మళ్ళీ సన్నాయి ఎత్తి బదులు చెప్పారు. ఇన్నేళ్ళూ నేను సగమే విన్న పాటలో రెండో సగం మొదటిసారి ఒంటరిగా నా ముందు నిలబడింది. వాయించడం అయ్యాక, ఇది కారుకురిచి అరుణాచలం అనే మహానుభావుడు ఊదినదని చెప్పి, నువ్వు పాటను విన్నావు గానీ ఆయనను ఇంకా వినలేదు, పోయి విను అన్నారు.

ఆ పేరు కాగితం మీద రాసి, మద్రాసు వెళ్ళే బంధువుకు ఇచ్చి క్యాసెట్ తెప్పించుకున్నాను. మొదటిసారి పెట్టుకున్నప్పుడు నాకూ మీలాగే అయింది. జానకి లేరు, కథ లేదు, ఎదురుగా తెర లేదు. ఒక్క నాదస్వరం, డోలు. ఎక్కడ మొదలైందో, ఎటు పోతున్నదో తెలియలేదు. అయినా రోజుకు కాసేపు విన్నాను. ఒక రోజు ఆభేరి రాగం ఆలాపన సాగుతుంటే, చీకట్లో తెలిసిన మనిషి నడక పోల్చుకున్నట్లు, ఆ సినిమా పాట అందులో కనిపించింది. అదే రాగం. పాటలో చిటికెడంత విన్నది ఇక్కడ ఏరులా పారుతున్నది. అరుణాచలంగారు నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్ళై శిష్యుడని ఆ తరవాత తెలిసి, గురువుగారి తోడి రాగం విన్నాను. కారుకురిచివారు ఆ పాట వచ్చిన రెండేళ్ళకే, 1964లో పోయారని తెలిసి, ఇంట్లో మనిషి పోయినంత బాధ పడ్డాను.

రాజరత్నం పిళ్ళైని వింటున్నప్పుడే ఆయన వాయించే తంజావూరు బాణీలో గొప్పవారిగా షేక్ చినమౌలానా పేరు ఎదురైంది. ఎక్కడి మనిషో తెలుసునా? ఒంగోలు పక్కన కరవది. ఆయన పుట్టిన 1924లో ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. సన్నాయి వాయించే కుటుంబంలో పుట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆ తరవాత తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్ళి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. శ్రీరంగనాథుడి ఊళ్ళో నాదస్వరం ఊదిన మన గుంటూరు ముస్లిం ఆయన. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చి గౌరవించింది. ఆయన దగ్గర నేర్చుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్‌లకు 2020 సంవత్సరపు పద్మశ్రీ వచ్చింది. చిలకలూరిపేట దగ్గరి పందిట్లో మొదలైన నా వెతుకులాట కారుకురిచివారి తిరునెల్వేలి, తంజావూరు తిరిగి మళ్ళీ చిలకలూరిపేటకే వచ్చి చేరింది. ఇదంతా ఎక్కడ పుట్టింది? అమ్మ పచ్చడిబండ పక్కన పెట్టి విన్న ఒక సినిమా పాటలో.

అందుకే అంటున్నాను, సినిమా పాట మనకు ఒక మనిషిని పరిచయం చేస్తుంది. పరిచయం చేసినవాళ్ళ వాకిట్లోనే కూర్చుండిపోతే, ఆ మనిషి తన ఇంట్లో ఎలా ఉంటాడో ఎప్పటికీ తెలియదు. అలాగని పరిచయం చేసినవాళ్ళను తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత. ఈ రెండూ మీరు చేయనక్కరలేదు.

ఇప్పుడు మీ నిద్ర సంగతి. సినిమా పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వేణువుకు దక్కేది ఇరవై ముప్పై సెకన్లు. ఆ కొద్ది క్షణాల్లో ఏ పలుకు మన గుండెను పట్టుకుంటుందో సంగీత దర్శకుడు ముందే ఏరిపెడతాడు. ‘సిరివెన్నెల’కు ఆ పని చేసినవారు కె.వి. మహదేవన్. మన చెవికి అందేది ఒలిచిపెట్టిన పనసతొన. హిందుస్తానీ కచేరీలో కాయ మొత్తం మన ముందు పెడతారు. మొదట ఆలాప్, తబలా ఉండదు. తంబురా శ్రుతి మీద ఒక్కొక్క స్వరాన్నీ తట్టి లేపుతూ, మంద్రం నుంచి మెల్లగా పైకి వస్తారు. తరవాత జోడ్, అక్కడ లోపల్లోపల ఒక నడక మొదలవుతుంది. ఆ తరవాత ఝాలా, వేగం. అవన్నీ అయ్యాక తబలా కలిసి గత్, అంటే తాళానికి కట్టిన రచన, మొదలవుతుంది. మిర్చి లెక్కలతో రోజంతా అలసిన మనిషి రాత్రి పక్క మీద పడుకుని ఆలాప్ పెట్టుకుంటే నిద్ర రాక ఏమవుతుంది? అందులో మీ లోపం ఏమీ లేదు. అందుకు సిగ్గుపడకండి.

చెవి అలవాటు పడేదాకా తబలా అందుకున్న చోటి నుంచి వినండి. ఇలా చెప్పినందుకు కొందరు పెద్దలు నన్ను కోప్పడవచ్చు. కానీ ఆ తాళం మీద వేణువు ఎలా ఆడుకుంటుందో పది రోజులు విన్నాక, ఆ స్వరాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలని మీకే అనిపిస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్ళి ఆలాప్ వినండి, పగటిపూట, కూర్చుని. ఇంకో మాట. యాభై నిమిషాల రాగంతో మొదలుపెట్టాలని నియమం ఏమీ లేదు. 1967లో చౌరసియా, సంతూర్ వాయించే శివకుమార్ శర్మ, గిటార్ వాయించే బ్రిజ్‌భూషణ్ కాబ్రా కలిసి ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ అనే రికార్డు చేశారు. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి రోజు పొద్దున అహిర్ భైరవ్‌తో మొదలై ఒక్కొక్క రాగంగా గడిచిపోతుంది. సినిమాకు అలవాటు పడిన చెవికి ఇందులో పట్టుకోవడానికి ఒక కథ ఉంటుంది. మీరు ముందు దీన్ని వినండి. దాని తరవాత ఇళయరాజా 1988లో చౌరసియా చేత వాయింపించిన ‘నథింగ్ బట్ విండ్’. మనకు తెలిసిన ఇళయరాజా చేయి ఒకవైపు పట్టుకుని ఉంటుంది కాబట్టి భయం వేయదు. వేణువుకు అందులో దొరికిన చోటు మాత్రం ఏ పాటలోనూ దొరకనిది.

చౌరసియా గురించి బావగారికి మీరు చెప్పదగ్గ సంగతి ఒకటుంది. ఆయన బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయిస్తూ అప్పటికే పేరున్న మనిషి. అయినా సుర్‌బహార్ విద్వాంసురాలు అన్నపూర్ణాదేవి దగ్గర శిష్యరికం కోసం వెళ్ళి, అంతకుముందు నేర్చుకున్నదంతా పక్కన పెట్టడానికి సిద్ధమని చూపించడం కోసం వేణువు పట్టే చేతులు మార్చి, ఎడమ వాటంగా ఊదుతూ మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నారు. ఆయన తోడు శివకుమార్ శర్మ 1965 నాటి ‘గైడ్’ సినిమాలో లతా పాడిన ఒక పాటకు తబలా వాయించారు. తరవాత ఇద్దరూ శివ్-హరి అన్న పేరుతో సినిమాలకు సంగీతం కూడా చేశారు. సినిమా వాకిలి వాళ్ళకు చిన్నతనం అనిపించలేదు. ఆ వాకిట్లోంచి లోపలికి వచ్చిన శ్రోతకు ఎందుకు అనిపించాలి?

ఇక పేర్లు తెలుసుకోవడం. ఇది నిజంగా కష్టమైన పని, మనసు కష్టపెట్టే పని కూడా. పాత క్యాసెట్ల అట్టలు తిరగేస్తే రచయిత, గాయకులు, సంగీత దర్శకుడు, ఇంతవరకే ఉంటుంది. ఏ వీణ విని మీరు కన్నీరు పెట్టుకున్నారో ఆ వీణ ఎవరిదో ఎక్కడా అచ్చు కాలేదు. ఎందరో విద్వాంసులు ఆర్కెస్ట్రా అనే ఒక్క మాట వెనక ఉండిపోయారు. ఎ.ఆర్. రహమాన్ వచ్చి తన క్యాసెట్ల మీద వాయించినవాళ్ళ పేర్లు అచ్చు వేయించడం మొదలుపెట్టాకే మనలో చాలామందికి ‘బొంబాయి’ వేణువు నవీన్‌దని తెలిసింది. 1994లో వచ్చిన ‘డ్యూయెట్’లో శాక్సోఫోన్ ఊదిన కద్రి గోపాల్‌నాథ్ పేరు కూడా ఆ సినిమాతోనే ఇంటింటికీ చేరింది. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసుడు. ఆ ఇత్తడి వాయిద్యంలో ఆయన గమకాలు పలికించే తీరు వింటే ఆ ఇంటి సన్నాయి వినపడుతుంది.

పాత పాటలకు మీరు చేయగలిగినది అడగడమే. విద్వాంసుల జ్ఞాపకాల పుస్తకాలు, పాత ఇంటర్వ్యూలు చూడండి. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలో అలాంటివి అప్పుడప్పుడు దొరుకుతాయి. అంతకంటే మంచి దారి వాయించే మనుషులను అడగడం. పెళ్ళి కచేరీల్లో కీబోర్డు, తబలా వాయించేవాళ్ళకు ఎవరి వేలు ఎక్కడ పడిందో బాగా తెలుసు. మనం గాయకుల గురించి చెప్పుకున్నట్లు వాళ్ళు వాద్యగాళ్ళ గురించి చెప్పుకుంటారు.

గొంతుల విషయంలో మీకు ఇంత వెతుకులాట అక్కరలేదు. ‘గుప్పెడు మనసు’లో ‘మౌనమె నీ భాష’ విన్నారు కదా. ‘మేఘసందేశం’లో ‘పాడనా వాణి కల్యాణిగా’ కూడా విని ఉంటారు. రెండూ మంగళంపల్లి బాలమురళీకృష్ణవే. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర పెరిగిన గొంతు. త్యాగరాజస్వామి, ఆయన శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లివారు, ఆయన శిష్యుడు బాలమురళి. ఆ సినిమా పాట దగ్గర నిలబడి చెయ్యి చాస్తే అయిదో మెట్టులో త్యాగయ్య ఉన్నారు. మీ ఊరికి ఇంత దగ్గరలో ఇలాంటి మనిషి పెరిగి ఉండగా దూరం నుంచి మొదలుపెట్టానని మీరు అనుకోవచ్చు. అనుకోకండి. ఏ పేరు ముందు పిలిస్తే ఆ పేరుతోనే వెళ్ళాలి.

చివరగా బావగారి విషయం. ఆయనతో వాదన పెట్టుకోకండి. ఇంట్లో సంగీతం తెలిసిన మనిషి ఉండటం ఎంత అదృష్టమో లేనివాళ్ళను అడగండి. ఆయనను ఒక్కటి అడగండి: ‘బావగారూ, ఆభేరి ఎక్కేటప్పుడు రిషభం, ధైవతం అనే స్వరాలు వదిలేసి, దిగేటప్పుడు రెండింటినీ కలుపుకుని వస్తుందట కదా, ఒకసారి పాడి చూపిస్తారా?’ పాడతారు. వెంటనే ‘నగుమోము’ ఎత్తుకుంటారు, అదీ ఆభేరే. అది పూర్తయ్యాక మీ ఫోనులో ‘నీ లీల పాడెద’ పెట్టి వినిపించండి. తరవాత విజయవాడలోనో గుంటూరులోనో కచేరీ జరిగినప్పుడు అక్కయ్యతో సహా ముగ్గురూ కలిసి వెళ్ళండి. ముందు వరసల్లో కూర్చోండి. నాదం ఎదురుగా పుట్టడం చూస్తే ఫోనులో పది నెలలు విన్నా అర్థంకానిది ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది. శ్రుతి సరిచూసుకునేటప్పుడు వాళ్ళ ముఖాలు కూడా చూడండి, నాకు అది చాలా ఇష్టం.

ఈలోగా మీ వీధిలోనో చుట్టాల ఇంట్లోనో పెళ్ళి తగులుతుంది. మేళంవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళ భోజనాలు కూడా అయ్యాకే వెళ్ళండి, ఆకలి మీద ఉన్నవాళ్ళను ఊదమని అడగకూడదు. ‘నీ లీల పాడెద’ వాయించమనండి. జానకి పాడే చోటు వచ్చినప్పుడు ఆయన ఏం చేశారో చూసి, నాకు ఉత్తరం రాయండి.